గుండె లయ తప్పితే...

● భద్రాచలం మన్యానికి మలేరియా కొత్త కాదు. ఆ జ్వరానికి వాడుతూ వచ్చిన క్వినైన్ గుండె దడనూ ఆపగలదని కనిపెట్టింది డాక్టరు కాదు, రోగి! 1912లో ఒక డచ్ వర్తకుడు ఈ సంగతి చెబితే కారెల్ వెంకెబాక్ అనే వైద్యుడు నమ్మలేదు. మర్నాడు ఆ వర్తకుడు కుదురైన నాడితో వచ్చి చెయ్యి చాపాడు. క్వినైన్‌కు దగ్గరి చుట్టమైన క్వినిడిన్ 1918 నుంచి దడకు మందైంది. మోతాదు మించితే మాత్రం ఇవే గుండె లయను చెడగొడతాయి.

● పెరటి పచ్చగన్నేరు పప్పులోని విషం, గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్ ఒకే జాతివి. ఆ పప్పు కడుపులోకి వెళ్తే నాడి మందగిస్తుంది, గుండెలో విద్యుత్ దారులు మూసుకుపోతాయి. పేడనీళ్లు, ఉప్పునీళ్లు తాగించి పొద్దుపుచ్చకూడదు. ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తారు, అవసరమైతే తాత్కాలిక పేస్‌మేకర్ పెడతారు.

● ఎర్రతేలు కుట్టినా గుండె లయ తప్పవచ్చు. ప్రజోసిన్ అనే బీపీ మాత్రతో ఆ కాటు వల్ల కలిగే ప్రాణాపాయాన్ని తగ్గించవచ్చని మహారాష్ట్రలోని మహాడ్‌లో చూపించిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది.

● వాగుల వెంట పెరిగే ఏరుమద్ది బెరడు కషాయం గుండెకు మంచిదని పేరు. లయ తప్పిన గుండెను అది సరిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. దాన్ని నమ్ముకుని మాత్రలు మానొద్దు.

● పరుగెడుతూనో, ఉలిక్కిపడో కుప్పకూలే పిల్లలకు గాలి సోకిందనో, ఫిట్స్ అనో అనుకుంటారు. కొందరిలో అది పుట్టుకతో వచ్చిన లయ దోషం. ఒక్క ఈసీజీ తీస్తే ఆచూకీ దొరకవచ్చు.

● 1958లో స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్‌కు ఒంట్లో అమర్చిన తొలి పేస్‌మేకర్ కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఆయన ఒకదాని తర్వాత ఒకటి మొత్తం 26 యంత్రాలతో 86 ఏళ్లు బతికాడు. ఆ మొదటిదాన్ని తయారుచేసిన ఇంజనీరు, అమర్చిన సర్జన్ ఆయనకంటే ముందే పోయారు.

● సినిమాల్లో ఈసీజీ గీత సాపుగా మారగానే షాక్ ఇస్తారు. నిజానికి అప్పుడు షాక్ పనిచేయదు. గుండె కింది గదులైన జఠరికలు క్రమం తప్పి వణుకుతున్నప్పుడు ఇవ్వాలి.

● ఆ వణుకు మొదలయ్యాక ఛాతీ నొక్కకుండా, షాక్ ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. పెద్దాసుపత్రులున్న ఖమ్మం భద్రాచలం నుంచి సుమారు 120 కిలోమీటర్లు. గూడేల నుంచి భద్రాచలం చేరడమే ఒక ప్రయాణం. మనిషి పడిపోయి, ఊపిరి ఆడకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కుతూనే ఉండాలి.