దావాలో రాయని మాట

ఆస్తి తగాదా కోర్టుకెక్కితే మన కథని ప్లీడరుగారు రాస్తారు. కింద సంతకం మనది. పెట్టేముందు ఆ కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివే ఆడవాళ్లు మనలో ఎంతమంది? ‘అంతా వారే చూసుకుంటారు లెండి’ అనేస్తాం. కానీ దావాలో రాయని సంగతి గురించి బోనెక్కి ఎంత చెప్పినా బలం ఉండదు.

మా వీధిలో ఒకావిడ తండ్రి ఆస్తిలో వాటా కోసం అన్నగారి మీద దావా వేసింది. ఇల్లు, రెండెకరాల పొలం షెడ్యూల్లో చూపించింది. ఆవిడ సాక్ష్యం అయిపోయింది. తర్వాత అన్నగారి వంతు. ఈవిడ ప్లీడరు గుచ్చి గుచ్చి అడిగితే, పక్క ఊళ్లో తండ్రి పేరున ఇంకో స్థలం ఉందని ఆయన నోరు జారాడు!

“ఇప్పుడు అది కూడా చేర్చుకోవచ్చా అక్కయ్యగారూ? విచారణ సగమైపోయిందే!” అంటూ ఆవిడ మా ఇంటికొచ్చింది. అప్పుడే నేనూ నలుగురినీ అడిగి ఈ సంగతులు తెలుసుకున్నాను.

దావాని గానీ, ప్రతివాది వేసే జవాబుని గానీ సవరించుకునే వీలు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ఆర్డర్ 6, రూల్ 17 అంటారు. దీన్ని అడ్డం పెట్టుకుని కేసులు సాగదీస్తున్నారని 1999లో చేసిన చట్టంలో ఆ రూలునే తీసేశారు. లాయర్లు గొడవ చేశారు. చివరికి ఒక షరతుతో మళ్లీ పెట్టారు. అది 2002 జూలై 1 నుంచి అమల్లోకొచ్చింది.

ఆ షరతు ఇదీ: విచారణ మొదలయ్యాక సవరణ అడిగితే, ‘తగిన శ్రద్ధ తీసుకున్నా ఈ సంగతి ముందే చెప్పలేకపోయారు’ అని కోర్టుకి నమ్మకం కలగాలి. లేకపోతే ఒప్పుకోరు. మరి విచారణ మొదలైందని ఎప్పుడనుకోవాలి? సాక్షి చెప్పదలచుకున్నది అఫిడవిట్‌గా దాఖలు చేస్తే మొదలైనట్టేనని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది.

అంటే మొదటినుంచీ మన బీరువాలోనే ఉన్న దస్తావేజు సంగతి విచారణ మధ్యలో గుర్తొచ్చిందంటే కష్టమే. మా వీధి ఆవిడ సంగతి వేరు. స్థలం ఉన్నది వేరే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పరిధిలో. అన్నగారు ఎప్పుడూ బయటపెట్టలేదు. ఆయన నోటివెంట వచ్చిన వారంలోనే ఆవిడ ఇ.సి. తీయించి, ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదో వివరంగా రాయించి అర్జీ పెట్టింది. కోర్టు ఖర్చుల కింద కొంత సొమ్ము అన్నగారికి కట్టమని సవరణకి ఒప్పుకుంది. దానికి జవాబు చెప్పుకునే అవకాశం ఆయనకీ ఇచ్చింది.

అంతటితో అయిపోలేదు. కోర్టు ఒప్పుకున్నాక, ఇచ్చిన గడువులోగా దావా కాగితంలో సవరణ చేయించాలి. గడువేదీ చెప్పకపోతే 14 రోజులు. అది దాటితే మళ్లీ కోర్టునే గడువు అడుక్కోవాలి. ఆర్డరు వచ్చిందని నిశ్చింతగా కూర్చుంటే లాభం లేదు.

అందుకే దావా వేసేముందే నాన్న పేరున, తాత పేరున ఎక్కడెక్కడ ఏమున్నాయో పెద్దవాళ్లని అడిగి రాసుకోండి. అనుమానం ఉన్న ప్రతి ఊరికీ ఇ.సి. తీయించండి. సర్వే నంబర్లు, హద్దులు దస్తావేజుతో సరిచూడండి. కొత్త సంగతి తెలిస్తే తర్వాతి వాయిదా దాకా ఆగకుండా ప్లీడరుగారికి చెప్పండి. అది ఏ రోజు, ఎలా తెలిసిందో ఓ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి.

ఫీజుకి డబ్బుల్లేవని వెనక్కి తగ్గకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం అడిగే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే చాలు. ‘పుట్టింటివాళ్ల మీద ఇన్ని ప్రశ్నలా?’ అని ఎవరైనా అంటే అననివ్వండి. వాటా అడగడానికి లేని మొహమాటం, ఆ వాటాలో ఏమేం ఉన్నాయో అడగడానికి ఎందుకు?