రైడ్ ఎక్కని వాళ్ళకు అక్కడ ఏముంది?

సెలవులు వచ్చాయంటే చాలు, ఇంట్లో పిల్లల పోరు మొదలవుతుంది. హైదరాబాదు పోదాం, పార్కులు చూద్దాం, రైడ్లెక్కుదాం అని. సరేనంటాం. తీరా అక్కడికి పోయాక జరిగేది మీకు తెలియనిది కాదు. పిల్లలూ, వాళ్ళ నాన్నా వరుసలో నిలబడతారు. అందరి చెప్పులు, సంచులు, నీళ్ళ సీసాలు మన దగ్గర చేరతాయి. మనకేమో ఎక్కితే కళ్ళు తిరుగుతాయి, లేదంటే చీర కట్టుకుని ఉంటాం, లేదంటే ఒళ్ళో చంటిబిడ్డ. టికెట్టు మాత్రం మనకూ తీయాల్సిందే కదా!

అందుకని నేను ఏ పార్కు గురించి విన్నా, రైడ్లు ఎన్ని ఉన్నాయని అడగను. రైడ్ ఎక్కని మనిషికి రోజంతా ఏముంది అని అడుగుతాను. ఇది మన గురించి మాత్రమే కాదు సుమండీ. రైడ్ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. పిల్లలైనా మిగతా పొద్దంతా నడిచేదీ, తినేదీ, చూసేదీ ఆ స్థలంలోనే. మనం డబ్బు పెట్టి కొనేది ఎక్కువగా ఆ స్థలాన్నే.

రామోజీ ఫిల్మ్ సిటీనే తీసుకోండి. 1996లో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అక్కడా పిల్లల ఆటలున్నాయి గానీ, నాకు నచ్చింది లోపలికి పోయే తీరు. టికెట్టు తీసుకున్నాక బస్సులో చాలా దూరం లోపలికి తీసుకుపోతారు. విజయవాడ రోడ్డు, లారీల మోత, అన్నీ వెనకబడిపోతాయి. మనసు మెల్లగా వేరే ఊరికి తయారవుతుంది. అమెరికాలో 1955లో డిస్నీల్యాండ్ కట్టినప్పుడు కూడా ఇదే ఆలోచన చేశారు. బయటి ఊరు కనబడకుండా చుట్టూ మట్టికట్ట పోశారు. లోపల మొదటి వీధిలో మేడల పై అంతస్తులను కావాలనే చిన్నవిగా కట్టారు, చూసేవాళ్ళకు ఇంకా ఎత్తుగా అనిపించాలని. మన గాలిగోపురం అంతస్తులు పైకి పోయేకొద్దీ చిన్నవి కావడం చూస్తూనే ఉన్నాం కదా, ఆ కిటుకు మనకు కొత్తదేం కాదు!

ఫిల్మ్ సిటీలో విమానాశ్రయం, రైల్వే స్టేషను, జైలు, విదేశీ వీధి, అన్నీ సెట్లే. స్టేషను బోర్డు మార్చితే ఊరు మారిపోతుంది. 'బాహుబలి' సెట్టు దగ్గర పిల్లలు గంటసేపు కదలరు. గోడను వేలితో కొట్టి చూస్తే డొల్లగా మోగుతుంది. రాయి కాదని తెలుసు, అయినా సంతోషమే. సినిమాలో చూసిన చోట మనం నిలబడ్డామన్నదే అక్కడి ముచ్చట. కానీ ఆ సినిమా చూడని పెద్దవాళ్ళకు అదే గోడ ఉత్త గోడ. మీ అత్తగారిని తీసుకుపోతున్నారనుకోండి, ముందు ఇంట్లో ఆ సినిమా ఒకసారి చూపించండి. 2010లో అమెరికాలోనే ఓర్లాండోలో హ్యారీ పాటర్ లోకం కట్టినప్పుడు, కథలో పిల్లలు తాగే బటర్‌బీర్‌ను కూడా నిజంగా తయారు చేసి అమ్మారు. పేరులో బీరు ఉన్నా అందులో మత్తేమీ లేదు లెండి. రైడ్ ఎక్కనివాళ్ళు కూడా ఒక గ్లాసు పట్టుకుని ఆ కథలో భాగమైపోతారు. ఆడవాళ్ళను అడిగి ఉంటే తిండి సంగతి ఎప్పుడో చెప్పేవాళ్ళం.

అసలు రైడ్ల ఊసే పెద్దగా లేకుండా మనసు పట్టేసేది శిల్పారామం. హైదరాబాదులోనే, మాధాపూర్‌లో ఉంది. పల్లెటూరి ఇళ్ళు, కుమ్మరి, సాలె, బండి, నిలువెత్తు బొమ్మలతో ఒక పల్లెనే కట్టిపెట్టారు. మిగతా పార్కుల్లో పిల్లలు మనకు చెబుతుంటారు, "అమ్మా అది చూడు, ఇది చూడు" అని. ఇక్కడ చెప్పేది మనం. విసుర్రాయి ఎట్లా తిప్పుతారు, రోట్లో పచ్చడి ఎట్లా నూరుతారు, వాళ్ళ అవ్వ చిన్నప్పుడు ఇల్లు ఎట్లా ఉండేది, అన్నీ. నా మాటకు మా పిల్లలు చెవులప్పగించి విన్నారంటే, అంతకంటే టికెట్టుకు విలువేముంది? గట్టిగా చెప్పాలంటే, ఇంటికొచ్చాక కూడా పిల్లలు ఏ చోటు గురించి ప్రశ్నలు అడుగుతుంటారో ఆ చోటే మంచిది. రైడ్ గురించైతే "భలే ఉంది" అంటారు, అంతే.

అంత దూరం పోలేని వాళ్ళు, మన జమ్మలమడుగు దగ్గర గండికోట ఉంది కదా, ఒకసారి ఈ కన్నుతో చూడండి. మైదుకూరు నుంచి ప్రొద్దుటూరు మీదుగా పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, పెన్నమ్మ కోసుకుపోయిన ఆ లోయ. వేలితో కొడితే ఇక్కడి గోడ మోగదు. కథ మాత్రం మనమే చెప్పుకోవాలి.

ఇక ముచ్చటెంత ఉన్నా, కూర్చోను చోటు లేకపోతే అన్నీ వృథా. ఒక పార్కులో (పేరెందుకు లెండి) బొమ్మలు, రంగులు దండిగా ఉన్నాయి, నీడలో ఒక్క బల్ల లేదు. మోకాళ్ళ నొప్పులున్న మా వదిన మెట్ల మీద కొంగు పరుచుకుని కూర్చుంది. పోయేముందు అక్కడికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళనే అడగండి: నీడ ఉందా, నీళ్ళు దొరుకుతాయా, మరుగుదొడ్లు శుభ్రమేనా, నడక ఎంత అని. చాలాచోట్ల ఇంటి తిండి గేటు దగ్గరే ఆపేస్తారు, కాబట్టి పొద్దున్నే కడుపునిండా తిని బయలుదేరండి. నీళ్ళ ఆటల్లో చీరతో దిగనివ్వరు, వేరే బట్టలు ఉంచుకోండి. గండికోటకైతే ఈ అడ్డంకులేమీ లేవు, చిత్రాన్నం కట్టుకుని పోవచ్చు. కాకపోతే ఎండాకాలం వద్దు, ఆ బండల వేడికి నిలబడలేరు. చలికాలంలో పోండి, లోయ అంచున మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు.