మచ్చకో పేరు కావాలి.. ‘ఇతరాలు’ అంటే చాలదు!

• ఆస్పత్రి కాగితంలో ఆర్‌23.8.. అర్థమేంటి?
• తెలుగు, కన్నడం మధ్య తప్పిపోతున్న రోగి మాట
• పేరు తేలితేనే సరైన మందు

మంచేనహళ్ళి: చేతి మీద మచ్చ. రెండు నెలలుగా ఉంది. నొప్పి లేదు, దురద లేదు. ఆస్పత్రికి వెళ్తే పూత మందు రాసిచ్చారు. చేతికొచ్చిన కాగితంలో జబ్బు పేరు ఉండాల్సిన చోట ‘అదర్ స్కిన్ ఛేంజెస్’ అని ఉంది. పక్కనే ఓ అక్షరం, మూడంకెలు. చదువుకున్న కుర్రాడితో చెప్పించుకుంటే ‘చర్మంలో ఇతర మార్పులు’ అని తేలుతుంది. ‘చర్మం మారిందనే కదా ఆస్పత్రికి పోయింది! ఆ సంగతి మళ్లీ మాకే చెప్పడమేంటి?’ అని ఎవరికైనా అనిపిస్తుంది.

అలా అనిపించడంలో తప్పేమీ లేదు. ఎందుకంటే అది జబ్బు పేరు కాదు. జబ్బు ఏదో ఇంకా తేలలేదని రాసుకున్న గుర్తు. మొదటి రోజు అలా రాయడం నిజాయితీ. నెలలు గడిచినా అదే ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే. పేరు లేని మచ్చల్లో చాలావరకు వాటంతటవే పోతాయి. కొన్ని మాత్రం చేతివేళ్లను, పాదాలను వంకర చేసి పోతాయి.

కోడ్‌ల వెనుక కథ

ప్రపంచంలో ఏ మూల ఏ డాక్టరు రాసినా జబ్బు ఒకే గుర్తుతో నమోదు కావాలన్నది ఈ కోడ్‌ల ఉద్దేశం. 1893లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ బెర్టియోన్ మరణ కారణాల జాబితాతో దీనికి పునాది వేశారు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చేతిలోకి తీసుకుని మరణాలతో పాటు జబ్బులనూ చేర్చింది. పదో కూర్పును 1990లో ఆమోదించారు. పదకొండో కూర్పు 2019లో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా చాలా ఆస్పత్రుల కంప్యూటర్లలో ఇప్పటికీ పదో కూర్పే నడుస్తోంది.

అందులో చర్మ వ్యాధులకు ‘ఎల్’ అక్షరం కేటాయించారు. బొల్లికి ఎల్80, రంగు మారే ఇతర మచ్చలకు ఎల్81. క్రిములతో వచ్చేవి ‘ఎ’, ‘బి’ అక్షరాల కింద ఉంటాయి. తామరకు బి35, శోభికి బి36.0, గజ్జికి బి86, కుష్ఠుకు ఎ30. ఇక ‘ఆర్’ అక్షరం జబ్బులది కాదు, లక్షణాలది. చర్మంలో స్పర్శ తేడాలకు ఆర్‌20, దద్దుర్లకు ఆర్‌21, గడ్డలకు ఆర్‌22.

ఆ తర్వాత వచ్చేదే ఆర్‌23. చర్మం నీలంగా మారితే 23.0, పాలిపోతే 23.1, ఎర్రబారితే 23.2, దెబ్బ తగలకుండానే కమిలితే 23.3, పొట్టు రాలడం, గట్టిపడటం లాంటివైతే 23.4. ఇవేవీ కానివన్నీ 23.8. సంత ముగిశాక మిగిలిన సరుకంతా ఒకే గోనెసంచిలో వేసినట్టన్నమాట. ఆ సంచిలో పనికిరానివీ ఉంటాయి, ప్రాణం మీదికొచ్చేవీ ఉంటాయి. విప్పి చూస్తే తప్ప తెలియదు.

మనోళ్ల ఉద్యోగం కూడా ఇదే

ఈ అంకెలు డాక్టర్లకే పరిమితం కాలేదు. వీటిని వేయడమే ఓ ఉద్యోగమైంది. అమెరికా ఆస్పత్రుల రికార్డులు చదివి కోడ్‌లు వేసే ‘మెడికల్ కోడింగ్’ పనిలో బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలో వేలాది మంది ఉన్నారు. హైదరాబాద్ అమీర్‌పేటలో దీనికి కోచింగ్ సెంటర్లే వెలిశాయి. సైన్సు డిగ్రీ చేతిలో ఉన్న సరిహద్దు తాలూకాల పిల్లలకూ ఇది అందుబాటులో ఉన్న దారి.

అమెరికా 2015 అక్టోబర్ 1 నుంచి పదో కూర్పుకు మారింది. ప్రపంచ సంస్థ పుస్తకంలో సుమారు 14 వేల కోడ్‌లు ఉంటే, అమెరికా వాటిని విడగొట్టి 70 వేలు దాటించింది. ఆర్‌23.8 కూడా అక్కడ రెండు ముక్కలైంది. 23.8 అంటే ‘ఇతర’.. డాక్టరు మార్పు ఏమిటో రాశారు, కానీ పుస్తకంలో దానికి ప్రత్యేక స్థానం లేదు. 23.9 అంటే ‘వివరం లేదు’.. డాక్టరు ఏమీ రాయలేదు. మొదటిది పుస్తకం లోటు. రెండోది రాసిన చెయ్యి లోటు.

కోడింగ్ నేర్చుకునేవారికి మొదట్లోనే రెండు నియమాలు చెబుతారు. జబ్బు పేరు ఖాయమయ్యాక దానిలో భాగమైన లక్షణానికి వేరే కోడ్ వేయకూడదు. అవుట్ పేషెంట్ రికార్డులో డాక్టరు ‘అనుమానం’, ‘కావచ్చు’ అని రాస్తే జబ్బు కోడ్ వేయకూడదు, లక్షణం కోడే వేయాలి. ఈ రెండో నియమం మనకూ పాఠమే. అనుమానాన్ని జబ్బుగా రాస్తే రోగి మీద లేనిపోని ముద్ర పడుతుంది. కుష్ఠు లాంటి మాట తొందరపడి రాస్తే ఇంటిల్లిపాదీ నలిగిపోతారు. అలాగని అనుమానాన్ని పరీక్షించకుండా వదిలేస్తే రోగి నష్టపోతాడు. బీమా క్లెయిము వేసినప్పుడు కూడా లక్షణం మాత్రమే రాసి ఉంటే ‘అసలు జబ్బేంటి?’ అన్న ప్రశ్న ఎదురు కావచ్చు.

‘మచ్చ’ వేరు.. ‘మచ్చె’ వేరు

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, మందుల చీటీలో ఇంగ్లిష్. మూడు మెట్లు దిగేసరికి రోగి చెప్పిన మాట ఎక్కడో జారిపోతోంది.

తెలుగులో మచ్చ అంటే చర్మం మీద రంగు మారిన చోటు. కన్నడంలో ‘మచ్చె’ అంటే పుట్టుమచ్చ. బయటి జిల్లా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరుకు ‘మచ్చ ఉంది సార్’ అంటే పుట్టుమచ్చ అనుకునే ప్రమాదముంది. రంగు మారిన చోటును కన్నడంలో ‘కలె’ అంటారు. నడుము చుట్టూ నీటిపొక్కులతో మంట పెట్టే జబ్బును తెలుగులో ‘అక్కి’ అంటాం. కన్నడంలో అక్కి అంటే బియ్యం! అక్కడ ఆ జబ్బు పేరు ‘సర్పసుత్తు’. మన బొల్లి వాళ్లకు ‘తొన్ను’. శోభిని ‘చిబ్బు’ అంటారు. మన సిబ్బెం దానికి దగ్గరి మాటే.

అన్నిటికన్నా ముఖ్యమైంది స్పర్శ. ‘తిమ్మిరి’, ‘మొద్దుబారింది’, ‘గిల్లినా తెలీదు’.. ఇవి మూడూ ఒకటి కావు. కూర్చుని లేస్తే కాలికి పట్టే తిమ్మిరి కాసేపటికి పోతుంది. మచ్చ మీద గిల్లినా తెలియకపోవడం పోదు. కన్నడంలో ‘జోము’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే ఆ తేడా చెరిగిపోతుంది. చీటీలో ‘మచ్చ’ మాత్రమే మిగులుతుంది, ‘స్పర్శ లేదు’ అన్నది రాలిపోతుంది. నిజానికి జబ్బును పట్టిచ్చేది ఆ రాలిపోయిన మాటే.

పేరు తేలితే మందే మారుతుంది

కుష్ఠు వ్యాధి: దేశంలో దీని తీవ్రత 10 వేల మందికి ఒకటి కన్నా తక్కువకు చేరిందని 2005 డిసెంబరులో ప్రకటించారు. అంటే పూర్తిగా పోయిందని కాదు. 2022, 2023లలోనూ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. ప్రపంచం మొత్తం మీద సగానికి పైగా మన దేశంలోవే. పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ, దాని మీద స్పర్శ లేకపోవడం దీని ప్రధాన గుర్తు. దురద ఉండదు కాబట్టి పట్టించుకోరు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వాడితే నయమవుతుంది. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి. ఆ తర్వాత క్రిమి చచ్చినా వేళ్లు పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు.

వయ్యారిభామ: కన్నడంలో కాంగ్రెస్ గిడ అనే ఈ పార్థీనియం మొక్క 1950ల్లో పుణె ప్రాంతంలో కనిపించి దేశమంతా పాకింది. పొలం గట్లు, రోడ్ల పక్కన ఎక్కడ చూసినా ఇదే. పడనివారికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదపెట్టి, నల్లబడి, మందంగా తయారవుతాయి. మొక్కల వల్ల వచ్చే అలర్జీకి ఎల్23.7 అనే సొంత కోడే ఉంది. ఆ పేరు తేలితే మొక్కకు దూరంగా ఉండాలని తెలుస్తుంది. తేలకపోతే పూత మందు రాస్తూనే ఉంటారు, రోగి కలుపు పీకుతూనే ఉంటాడు.

పట్టు రీలింగ్: శిడ్లఘట్ట, చింతామణి వైపు వేడినీళ్లలో ఉడికిన గూళ్ల నుంచి దారం తీసేవారి వేళ్లు గంటల తరబడి తడిలోనే ఉంటాయి. చర్మం ఊడుతుంది, పగులుతుంది. దీన్ని ‘పొట్టు రాలడం’ అని రాస్తే ఆర్‌23.4. పని వల్ల వచ్చిన చర్మపు వాపు అని గుర్తిస్తే ఎల్24. రెండో పేరు రాసినప్పుడే చేతులకు రక్షణ గురించి ఎవరైనా మాట్లాడతారు.

చరిత్రలోనూ ఇంతే. మెడ చుట్టూ హారంలా, చేతుల మీద నల్లబడి పగిలే చర్మాన్ని ఎండదెబ్బ అనుకుంటే అక్కడితో సరి. హైదరాబాద్‌లో డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా అలా అనుకోలేదు. జొన్న ప్రధానాహారంగా తినేవారిలో వచ్చే పెల్లాగ్రా మీద 1960లో పరిశోధన ప్రకటించారు. నియాసిన్ విటమిన్ లోపంతో వచ్చే ఆ జబ్బుకు కావాల్సింది పూత కాదు, తిండి. కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మ వైద్యుడు డాక్టర్ కె.సి.సాహా 1983లో పల్లెల నుంచి వచ్చిన రోగుల మచ్చలు చూసి, తాగే బోరు నీటిలో ఆర్సెనిక్ ఉందని గుర్తించారు. ఒక్కో రోగికి ‘ఇతర మార్పులు’ అని రాసుకుంటూ పోయి ఉంటే బెంగాల్ బోర్ల సంగతి ఇంకెన్నాళ్లకు బయటపడేదో!

మన జిల్లాలో నీళ్లంటే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది పాడుచేసేది పళ్లను, ఎముకలను. ప్రతి మచ్చనూ బోరు నీళ్ల మీదికి నెట్టేసి ఊరుకోవడం కూడా పేరు పెట్టకుండా వదిలేయడమే.

లెక్కలో లేకుంటే..

2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. గౌరిబిదనూరు తాలూకాలో హోబళిగా ఉన్న మంచేనహళ్ళి ఇప్పుడు తాలూకా అయింది. ఏ తాలూకాకు ఏ జబ్బు మందు ఎంత కావాలో తేలేది కాగితం మీది లెక్కతోనే. ‘ఇతరాలు’ కింద పడ్డ రోగి ఏ జబ్బు లెక్కలోనూ ఉండడు.

సరిహద్దు కావడంతో ఒకే రోగి కాగితాలు మూడు చోట్ల ఉంటాయి. ఓసారి చిక్కబళ్ళాపురం, ఓసారి హిందూపురం, ఇంకోసారి బెంగళూరు. ఒకచోట డాక్టరు రాసింది ఇంకోచోట డాక్టరు చూడరు. ప్రతిచోటా అది ‘మొదటి రోజే’ అవుతుంది. మొదటి రోజు కోడ్ ఆర్‌23.8 అలాగే నిలిచిపోతుంది. దీనికి మందు రోగి చేతిలోనే ఉంది. కాగితాలన్నీ ఒకే సంచిలో పెట్టి, ఏ ఊరెళ్లినా వెంట తీసుకెళ్లడం.

డాక్టరుకు ఇవి చెప్పండి

• మచ్చ ఎప్పుడు మొదలైంది? పెరుగుతోందా, అలాగే ఉందా?
• దురద ఉందా? దూది లేదా ఈక తాకిస్తే తెలుస్తోందా? తెలియకపోతే అడగకముందే చెప్పండి.
• ఏం పని చేస్తారు? కలుపు, పురుగుమందు, పట్టు గూళ్లు, సిమెంటు.. ఏదైనా దాచొద్దు.
• ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?
• ఇప్పటిదాకా ఏ పూత, ఏ మాత్ర వాడారు? మెడికల్ షాపులో సొంతంగా కొన్నవీ చెప్పండి.
• మాటతో కాకుండా వేలితో చోటు చూపించండి.
• రెండోసారి వెళ్లినప్పుడు ‘సార్, దీని పేరు తేలిందా?’ అని అడగండి. తేలలేదంటే చర్మ నిపుణుడి దగ్గరికి రాసిమ్మనండి.