వార్తల్లో పదం: ఎమర్జెంట్ లిటరసీ

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు పట్టుబడేలా చూసే కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్, పూర్వ ప్రాథమిక విద్య వార్తల్లో కనిపిస్తున్న మాట ఇది. అక్షరాలు రాకముందే పిల్లల్లో మొదలయ్యే చదవడం, రాయడం తాలూకు తొలి పోకడలను ఇలా అంటారు. న్యూజిలాండ్ పరిశోధకురాలు మేరీ క్లే 1966 నాటి తన డాక్టరేట్ పరిశోధనతో ఈ ఆలోచనకు పునాది వేశారు.

ఇందులో ముఖ్యమైనది ఉత్తుత్తి చదువు. మూడేళ్ల పిల్ల బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వరుసల మీద వేలు జరుపుతూ ‘అనగనగా ఒక ఊళ్లో...’ అని గడగడా చదివేస్తుంది. పుస్తకం తలకిందులుగా ఉన్నా ఆగదు! నవ్వొస్తుంది కానీ, పేజీ తిప్పడం, కథకు మొదలూ తుదీ ఉంటాయన్న ఎరుక, పుస్తకాల్లో వాక్యం నడిచే తీరు అలాగే పట్టుబడతాయి. మొదట్లో పిల్లలు బొమ్మలకు పేర్లు చెబుతారు. తర్వాత కథ అల్లుతారు. పోనుపోను అచ్చం పుస్తకంలోలాగే పలుకుతారు.

అమ్మానాన్నలు తప్పులు దిద్దక్కర్లేదు, ‘తర్వాతేమైంది?’ అంటే చాలు. అక్షరాలు నేర్పే పని మాత్రం విడిగా ఉండనే ఉంది.