శబ్దధార తెగకుండుటెట్లు?

శివాలయములో లింగముపై ధారాపాత్ర వ్రేలాడుచుండును. దాని అడుగుననున్న సన్నని రంధ్రమునుండి నీరు ఎడతెగక పడుచుండును. పాత్ర వట్టిపోకమునుపే అర్చకుడు నీరు పోయవలెను. క్షణమాలస్యమైనను ధార తెగును. పిమ్మట ఎన్ని బిందెలు పోసినను తెగినది అతుకుకొనదు. కంప్యూటరు శబ్దమును వినిపించు తీరును ఇట్టిదే.

కంప్యూటరునకు శబ్దమనగా అంకెల వరుస. సాధారణముగా సెకనుకు 48,000 అంకెలు. ప్రోగ్రాము వీనిని ‘బఫరు’ అను పాత్రలో నింపుచుండగా సౌండుకార్డు తోడుకొనుచుండును. 128 అంకెలు పట్టు పాత్ర సుమారు 2.7 మిల్లీసెకనులలో ఖాళీయగును. ఆలోపల మరల నింపనిచో ‘టక్కు’మను చప్పుడు వినవచ్చును.

పెద్ద పాత్ర పెట్టరాదా? 4,096 అంకెల పాత్రకు 85 మిల్లీసెకనుల వ్యవధి దొరకును. కాని మైకు ముందు పాడుచున్నవాని స్వరము అతని చెవికి కనీసము అంత ఆలస్యముగా చేరి, తాళము తప్పును. కావున పాత్ర చిన్నదే కావలెను. వేళకు నింపుటయు జరుగవలెను.

లినక్సులో ప్రాసెసరు కాలమును పనులకు పంచునది కెర్నెలు. అది అందరికిని వంతులవారీగా పంచును గనుక శబ్దపు పని తన వంతుకై వేచియుండవలసి వచ్చును. దీనికి విరుగుడు ‘రియల్‌టైమ్’ ప్రాధాన్యము. ఇందు 1 నుండి 99 వరకు మెట్లు కలవు. ఈ ప్రాధాన్యముగల పని సిద్ధమైన తోడనే సామాన్యమైన పనులు ప్రక్కకు తొలగును.

అట్లయిన ఈ హక్కు అందరికి నేల ఈయరు? ఇట్టి ప్రోగ్రాము దోషముచే ఆగక తిరుగసాగినచో, కీబోర్డు నొక్కినను యంత్రము పలుకకపోవచ్చును. అందుచే నిర్వాహకుని అనుమతి అవసరము. పరిమితులు నిర్ణయించి సామాన్య వినియోగదారునకు హక్కునిచ్చు పద్ధతి 2005లో వెలువడిన 2.6.12 కెర్నెలుతో వచ్చినది.

అనుమతినిచ్చు విధము: ‘ఎట్సి’లోని ‘సెక్యూరిటీ’లో ‘లిమిట్స్ డాట్ డి’ అను ఫోల్డరు కలదు. అందు ‘డాట్ కాన్ఫ్’తో ముగియు పేరుగల ఫైలులో, ఆంగ్లాక్షరములతో, ఈ రెండు పంక్తులు వ్రాయవలెను:

@ఆడియో - ఆర్‌టిప్రయో 95
@ఆడియో - మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్

మొదటిది ‘ఆడియో’ బృందమువారికి 95వ మెట్టు వరకు హక్కునిచ్చును. రెండవది ప్రోగ్రాము తన సమాచారమును జ్ఞాపకశక్తిలోనే బిగించి, డిస్కుకు పోనీయకుండ చేయనిచ్చును. పిమ్మట వినియోగదారుని ఆ బృందమున చేర్చవలెను. అతడు లాగౌట్ అయి మరల లాగిన్ కావలెను. అప్పుడు ‘యులిమిట్ -ఆర్’ అని టైపు చేయగా 95 కనబడును. ‘జాక్’ వంటి శబ్ద ప్రోగ్రాము ఈ హక్కును వినియోగించుకొనును.

విద్యార్థులొకటి గమనింపవలెను. అనుమతివలన యంత్రమునకు వేగము పెరుగదు. 2.7 మిల్లీసెకనుల పాత్రను నింపుటకే 3 మిల్లీసెకనులు పట్టుచున్నచో ఏ అనుమతియు ధారను నిలుపలేదు. అప్పుడు పాత్రను 256 అంకెలకు పెంచి చూడవలెను.