నత్తికీ ఎకోకీ చుట్టరికం

వేసవిలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర అయితే హైదరాబాదులో సాయంత్రం ఆరు. కాన్ఫరెన్స్ కాల్‌కి ఇద్దరికీ కుదిరే వేళ. అందరూ ముందు పేరు చెప్పాలి. నత్తి ఉన్నవాడికి ఆ గంటలో అన్నిటికన్నా కష్టమైన మాట అదే. "రేపు" దగ్గర నాలుక ఆగితే "బుధవారం" అని తప్పించుకోవచ్చు. "శ్రీనివాస్"కి పర్యాయపదం ఏముంది? ఎదురుగా ఉంటే అవతలివాళ్ళు మొహం చూసి ఆగుతారు. ఫోన్లో అయితే రెండు క్షణాల నిశ్శబ్దానికే "లైను కట్టయినట్టుంది" అనేస్తారు.

చిన్నప్పుడు వసకొమ్ము అరగదీసి నాలుక్కి రాసిన ఇళ్ళు మనలో చాలానే. వసపిట్ట అన్న మాట మిగిలింది గాని, వస నత్తికి మందు కాదు. భయం నత్తిని పెంచుతుందే తప్ప పుట్టించదు. నూటికి అయిదుగురు పిల్లలకి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, చాలామందికి దానంతటదే పోతుంది. పెద్దయ్యాకా ఉండిపోయేది సుమారు నూటికి ఒకరికి, అందులోనూ మగవాళ్ళకే ఎక్కువ. 2010లో డెనిస్ డ్రేనా బృందం, పాకిస్తాన్‌లోని ఒక పెద్ద కుటుంబంతో మొదలుపెట్టి, మూడు జన్యువుల్లో మార్పులకి నత్తితో సంబంధం ఉందని చూపించింది. అందరి నత్తికీ అదే కారణం కాదనుకోండి. కానీ పెంపకం లోపమని తల్లిని ఆడిపోసుకునేవాళ్ళకి ఈపాటి జవాబు చాలు.

ఇక మన శీర్షికకి దగ్గరి సంగతి. లైను బాగాలేనప్పుడు మన గొంతు మనకే కాస్త ఆలస్యంగా వినిపిస్తే మాట తడబడుతుంది కదా! 1950లో బెర్నార్డ్ లీ దీన్ని ప్రయోగం చేసి చూపించాడు: ఆలస్యం సెకనులో అయిదో వంతు ఉంటే మంచి మాటకారి కూడా నత్తి వచ్చినట్టు మాట్లాడతాడు. విచిత్రమేమిటంటే, అలాంటి ఆలస్యమే నత్తి ఉన్న చాలామందికి మాటని సాఫీ చేస్తుంది. నలుగురితో కలిసి భజన చేసేటప్పుడు నత్తి దాదాపు మాయమవుతుంది. పక్కన ఇంకో గొంతు ఉందని చెవి భ్రమపడటమే కిటుకని ఒక వాదం. 2001లో వచ్చిన స్పీచ్‌ఈజీ అనే చెవి యంత్రం దీని మీదే నడుస్తుంది. ఖరీదు వేల డాలర్లలో. కొందరికి పనిచేస్తుంది, కొందరికి కొన్నాళ్ళకే పట్టు సడలుతుంది. ఇదే పని చేసే ఫోన్ ఆప్‌లున్నాయి, ముందు అవి వాడి చూడటం మేలు.

మిషిగన్‌లోనే పుట్టిన చార్లెస్ వాన్ రైపర్ దారి వేరు. తనకీ నత్తే. 1936లో కలమజూలో, ఇప్పటి వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో, క్లినిక్ పెట్టాడు. చిక్కుకున్న మాటని దాటెయ్యకు, పూర్తిచేసి ఒక్క క్షణం ఆగు, మళ్ళీ అదే మాటని బిగింపు లేకుండా, మెల్లగా అను. అది వచ్చాక, మాట మధ్యలోనే బిగింపు సడలించడం నేర్చుకోవాలి. నత్తి పోగొట్టడం కాదు, తేలిగ్గా నత్తిగా మాట్లాడటం లక్ష్యం. మాటలు మార్చి తప్పించుకోవడంలో ఆరితేరినవాళ్ళకి ఇది చాలా కష్టం. ఆ నేర్పు కోసమే డెమో పక్కవాడికి అప్పజెప్పినవాళ్ళు, టీమ్ లీడ్ వద్దన్నవాళ్ళు ఉంటారు. నా దృష్టిలో అసలు నష్టం అదీ, మాట తడబడటం కాదు.

2008లో సవరించిన అమెరికా వికలాంగుల చట్టం, ముఖ్యమైన జీవన వ్యాపారాల్లో మాట్లాడటాన్ని పేరు పెట్టి చేర్చింది. కాబట్టి ఫోన్ ఇంటర్వ్యూకి ఎక్కువ సమయం అడగటానికి ఆధారం ఉంది. "నాకు నత్తి ఉంది, కొంచెం ఆగండి" అని మొదటే చెప్పేస్తే దాచే శ్రమ తప్పుతుంది.

మనుషులు ఆగినా యంత్రాలు ఆగడం లేదు. గొంతు గుర్తించే ప్రోగ్రాములు మాట మధ్య నిశ్శబ్దాన్ని వాక్యం ముగింపు అనుకుంటాయి. 2021లో యాపిల్ పరిశోధకులు నత్తి మాటలున్న సుమారు 28 వేల చిన్న ముక్కలని పాడ్‌కాస్టుల నుంచి ఏరి అందరికీ ఇచ్చారు. మీరు రాసేది అలాంటి ప్రోగ్రామే అయితే, ఎంతసేపు ఆగాలో వాడేవాళ్ళే మార్చుకునేలా పెట్టండి. బటన్ నొక్కే దారిని మాత్రం తీసెయ్యకండి.