తెర మీద మాటకు తగిన చోటు

ఒక ఇంటి మెట్లలో ఒకటి మిగిలిన వాటికంటె రెండంగుళాలు ఎత్తుగా ఉన్నదనుకుందాం. ఎక్కేవారు ప్రతి మెట్టునూ కొలిచి చూడరు. మొదటి రెండు మూడు మెట్లు ఎక్కేసరికి పాదానికి ఒక లెక్క తెలిసిపోతుంది. ఆ లెక్క ప్రకారమే మిగిలిన మెట్లు ఎక్కుతారు. లెక్క తప్పిన చోట తడబడతారు. కంప్యూటర్ తెరపై కనిపించే మీటలు, పెట్టెలు, పేర్ల పట్టీలు కూడా ఇటువంటి మెట్లే. వాటి పరిమాణాలలో ఒక క్రమం ఉంటే కన్నూ చేయీ ఆ క్రమాన్ని అనుసరించి నడుస్తాయి. క్రమం లేకపోతే పని చేసేవారు ప్రతి క్షణం ఆగి వెతుక్కోవలసి వస్తుంది.

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయమని పలువురు భావిస్తారు. కాని బహుభాషా దేశమైన మనకు ఇది అర్థానికి సంబంధించిన విషయం కూడా. అది ఎట్లాగో పరిశీలిద్దాం.

ఒక గ్రంథాలయ ప్రోగ్రాం కథ

హిందీ నుంచి తెలుగులోకి అనువాదాలు చేసే ఈ వ్యాసకర్తకు కొంతకాలం క్రితం గ్రంథాలయాలలో ఉపయోగించే ఒక ప్రోగ్రాంలోని మాటలను తెలుగు చేసే పని లభించింది. హిందీ మాటల జాబితా ఒకటి చేతికి వచ్చింది. ఆ మాటలు తెరపై ఎక్కడ ఉంటాయో, ఎంత చోటులో ఉంటాయో ఆ జాబితాలో లేదు. ‘శీర్షక్’ అన్న చోట శీర్షిక అనీ, ‘లేఖక్’ అన్న చోట రచయిత అనీ, ‘ప్రకాశన్ వర్ష్’ అన్న చోట ప్రచురించిన సంవత్సరం అనీ రాసి పంపడం జరిగింది.

తరువాత తెరను చూసినప్పుడు ‘ప్రచురించిన సం’ వరకే కనిపించింది. అంతవరకు నష్టం స్వల్పమే. కాని మరొక చోట పక్కపక్కన ఉండవలసిన రెండు ఎంపికలు ఉన్నాయి. ఒకటి ‘పాత పద్దును తొలగించండి’, రెండవది ‘పాత పద్దును తొలగించవద్దు’. తెరపై రెండూ ‘పాత పద్దును తొలగించ’ అనే చోట తెగిపోయి, అచ్చంగా ఒకే విధంగా నిలిచాయి. ఏది నొక్కితే పద్దు మిగులుతుందో, ఏది నొక్కితే పోతుందో చెప్పగలవారు లేరు.

హిందీలో ఈ చిక్కు ఇంత తీవ్రంగా ఉండదు. ఆ భాషలో నిషేధార్థకం క్రియకు ముందు వస్తుంది. ‘పురానీ ప్రవిష్టి న హటాయేఁ’ అన్న వాక్యం చివర కొంత తెగినా ‘న’ అన్న అక్షరం కనిపిస్తూనే ఉంటుంది. తెలుగులో అవును, కాదు అనే భేదం క్రియ చివర చేరే ప్రత్యయంలో ఉంటుంది. వాక్యపు తోక తెగితే మన భాషలో ప్రాణమే పోతుంది.

మాటలను కుదించి పంపండని ఆ ప్రోగ్రాం తయారుచేసినవారు కోరారు. కుదింపుకు ఒక హద్దు ఉంటుంది. చోటు చాలదని హిందీలోని పొట్టి మాటనే తెలుగు లిపిలో రాసి ఊరుకుంటే మరింత ప్రమాదం. హిందీలో ‘ఆవేదన్’ అంటే దరఖాస్తు. తెలుగులో ఆవేదన అంటే మనోవ్యథ. హిందీలో ‘ఉపన్యాస్’ అంటే నవల. తెలుగులో ఉపన్యాసం అంటే ప్రసంగం. నవలల జాబితా కోసం వచ్చిన విద్యార్థికి ప్రసంగాల జాబితా చూపినట్లవుతుంది. కావున మార్చవలసినది మాటను కాదు, మాటకు ఇచ్చిన చోటును.

కొలతలు ఎవరు నిర్ణయించాలి?

తెరపై ఒక మీటను ఉంచడానికి మొదటినుంచీ వాడుకలో ఉన్న పద్ధతి, దాని స్థానాన్నీ పొడవు వెడల్పులనూ అంకెలలో ముందే రాసివేయడం. ఎడమ అంచు నుంచి ఇంత, పై అంచు నుంచి ఇంత, వెడల్పు ఇంత అని నిర్మాత నిర్దేశిస్తాడు. ఇది సులువైన పద్ధతి. అయితే నిర్మాత తన ముందున్న భాషకు, తన ముందున్న అక్షరాల సైజుకు మాత్రమే కొలత తీస్తాడు. ఒకరి కొలతకు కుట్టిన చొక్కాను ఊరందరికీ తొడిగినట్లు, భాష మారగానే ఆ కొలత చాలదు. కంటిచూపు తగ్గినవారు అక్షరాలను పెద్దవి చేసుకున్నా చాలదు.

అక్షరాలను లెక్కించి చోటు ఇవ్వడం కూడా నమ్మదగిన మార్గం కాదు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది 6 సంకేతాల కూర్పు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘కమలం’ అన్న మాటలో ఉన్నవి 4 సంకేతాలే అయినా తెరపై అది ఎక్కువ వెడల్పును ఆక్రమిస్తుంది. అంతేకాక తెలుగు ఒత్తులు అక్షరం కింద చేరతాయి. వెడల్పు సరిపోయినా ఎత్తు చాలకపోతే ‘రద్దు’ అన్న మాట ‘రదు’గా, ‘అచ్చు’ అన్న మాట ‘అచు’గా కనిపించగలదు.

యూనికోడ్ తొలి రూపం వెలువడిన 1991 నాటికే తెలుగు లిపికి అందులో స్థానం లభించింది. అక్షరాలకు సంకేతాలు దొరకడం ఒక మెట్టు. ఆ అక్షరాలు పూర్తిగా కనిపించేంత చోటు తెరపై దొరకడం మరొక మెట్టు.

అడిగి తెలుసుకునే పద్ధతి

ఈ లోపాన్ని సవరించేదే అమరిక నిర్వాహకం. ఇది ప్రోగ్రాంలోని ఒక భాగం. ఇది రెండు దశలలో పనిచేస్తుంది. మొదటి దశలో తెరపై ఉండవలసిన ప్రతి అంగాన్నీ “నీలోని మాట పూర్తిగా కనిపించడానికి ఎంత చోటు కావాలి?” అని ప్రశ్నిస్తుంది. ప్రతి అంగమూ తనలోని మాటను అసలు వాడే ఫాంటుతోనే కొలిచి జవాబు చెబుతుంది. రెండవ దశలో నిర్వాహకం ఆ జవాబులన్నింటినీ, తన వద్దనున్న మొత్తం స్థలాన్నీ పోల్చి చూసి ఎవరికెంతో పంచుతుంది. తెలుగు వచ్చినా తమిళం వచ్చినా కొలత అప్పటికప్పుడు తీయబడుతుంది. ఎవరూ ముందుగా ఊహించి రాయవలసిన అవసరం ఉండదు.

ఇక్కడ ఒక కొత్త సమస్య తలెత్తుతుంది. ప్రతి మీటా తన మాటకు తగినంతే చోటు తీసుకుంటే మీటలన్నీ తలొక వెడల్పున ఉంటాయి. గ్రంథాలయ ప్రోగ్రాంలో తరచుగా నొక్కవలసిన మీట ‘వెతుకు’. అది పొట్టి మాట కాబట్టి మీట కూడా అన్నింటికంటె చిన్నదవుతుంది. లక్ష్యం ఎంత చిన్నదైతే, ఎంత దూరాన ఉంటే, దానిని చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ ఫిట్స్ 1954లో ప్రకటించిన సూత్రం తెలుపుతున్నది. అంటే ఎక్కువ పని ఉన్న మీటను పట్టుకోవడమే కష్టమవుతుందన్నమాట.

సమపరిమాణ వర్గం

దీనికి పరిష్కారం, ఒకే జాతికి చెందిన అంగాలను ఒక వర్గంగా చేర్చడం. ఆ వర్గంలో అందరికంటె ఎక్కువ చోటు అవసరమైన అంగమేదో దాని కొలతే అందరి కొలత అవుతుంది. చిన్నదాని కోసం పెద్దదానిని కోయడం కాదు, పెద్దదానికి సమానంగా చిన్నదానిని పెంచడం ఇందులోని నియమం.

ఒక లెక్కతో చూద్దాం. నాలుగు మీటలలో మాటల వెడల్పులు వరుసగా ‘వెతుకు’ 60, ‘భద్రపరచు’ 110, ‘తొలగించు’ 95, ‘రద్దుచేయి’ 100 పిక్సెళ్లు అనుకుందాం. మాటకు ఇరువైపులా 12 చొప్పున ఖాళీ, మీటకూ మీటకూ మధ్య 8 చొప్పున ఎడం ఉండాలి. దేనికి తగినంత దానికే ఇస్తే మొత్తం వెడల్పు 485. అన్నింటినీ పెద్దదానితో సమానం చేస్తే ఒక్కొక్క మీట 134, మొత్తం 560. కేవలం 75 పిక్సెళ్ల అదనపు వ్యయంతో క్రమం సిద్ధించింది. ఏ మాటా తెగలేదు.

ఇప్పుడు ఐదవ మీటగా ‘కొత్త గ్రంథాన్ని చేర్చు’ వచ్చిందనుకుందాం. దాని మాట వెడల్పు 210 అయితే మీట 234 అవుతుంది. దానిని కూడా వర్గంలో చేర్చితే మొత్తం 1202 అవుతుంది. 1000 పిక్సెళ్ల కిటికీలో అది పట్టదు. దానిని వర్గం వెలుపల ఉంచితే మొత్తం 802తో పని జరిగిపోతుంది. సమానత్వం అవసరమే; అయితే ఎవరెవరి మధ్య అన్న వివేచన అంతకంటె అవసరం. పక్కపక్కన ఉండి, ఒకే తరహా పని చేసే అంగాలను మాత్రమే ఒక వర్గంలో చేర్చాలి.

ఈ భావన క్రమంగా వికసించింది. 1996లో వెలువడిన జావా భాష తొలి రూపంలోనే గ్రిడ్‌లేఅవుట్ అనే సాధనం ఉన్నది. అది చట్రంలోని గడులన్నింటినీ ఒకే పరిమాణంలో ఉంచుతుంది. అయితే అందులో వెడల్పు వేరు, ఎత్తు వేరు అన్న వెసులుబాటు లేదు, మినహాయింపులూ లేవు. 2002లో విడుదలైన జీటీకే 2.0లో సైజ్‌గ్రూప్ వచ్చింది. అందులో వెడల్పును మాత్రమే, ఎత్తును మాత్రమే, లేదా రెండింటినీ సమానం చేయవచ్చు. వేర్వేరు చట్రాలలో ఉన్న అంగాలను కూడా ఒకే వర్గంలో చేర్చవచ్చు. 2006లో మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యుపిఎఫ్‌లో నిలువు వరుసలకూ అడ్డు వరుసలకూ ఒక ఉమ్మడి పేరు పెట్టి, ఆ పేరు గలవన్నీ ఒకే కొలతలో ఉండేటట్లు చేసే షేర్డ్‌సైజ్‌గ్రూప్ వచ్చింది. అదే సంవత్సరం జావా 6లోని గ్రూప్‌లేఅవుట్‌లో అంగాల పరిమాణాలను ముడివేసే లింక్‌సైజ్ చేరింది. యాపిల్ సంస్థ 2011లో ఓఎస్ ఎక్స్ 10.7తో ప్రవేశపెట్టిన ఆటోలేఅవుట్‌లో ‘ఈ మీట వెడల్పు ఆ మీట వెడల్పుతో సమానం’ అని ఒక సమీకరణంగా రాస్తే చాలు. మిగిలిన లెక్క కంప్యూటరే సాధిస్తుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

సాధనం ఉన్నంత మాత్రాన ప్రయోజనం సిద్ధించదు. కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. పేర్ల పట్టీలను ఒక వర్గంగాను, మీటలను మరొక వర్గంగాను ఉంచాలి, రెండింటినీ కలపరాదు. వర్గం నిర్ణయించేది అంగం అడగవలసిన కొలతను మాత్రమే. ఒక అంగానికి ఖాళీ స్థలంలోకి వ్యాపించే స్వేచ్ఛ విడిగా ఇస్తే అది తోటివారిని మించి పెరిగిపోవచ్చు. ఎత్తును కూడా ఫాంటు ప్రకారం కొలవనివ్వాలి; లేకపోతే ఒత్తులు తెగుతాయి. ఎంత చేసినా చోటు చాలని వాక్యాన్ని రెండవ పంక్తిలోకి మళ్లించాలి గాని తోక కత్తిరించరాదు.

‘ఎడమ’, ‘కుడి’ అని కాక ‘మొదలు’, ‘చివర’ అని నిర్దేశించడం మేలు. తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష. ఆ లిపి కుడి నుంచి ఎడమకు సాగుతుంది. అదే తెర ఉర్దూలో తెరుచుకున్నప్పుడు పేర్ల పట్టీ కుడివైపుకు, పెట్టెలు దాని ఎడమకు మారవలసి ఉంటుంది. ‘మొదలు’ అని రాసి ఉంటే ఆ మార్పు దానంతటదే జరిగిపోతుంది.

రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలు ఉన్నాయి. ఒకే ప్రోగ్రాం ఇన్ని భాషలలో కనిపించవలసిన దేశంలో, ఏ ఒక్క భాష కొలతనో అందరి కొలతగా ముందే నిర్ణయించడం తగదు. ఎవరికి ఎక్కువ చోటు అవసరమో తెలుసుకొని ఆ మేరకు అందరికీ సమకూర్చే పద్ధతి ఇక్కడ సాంకేతికంగా కూడా సరైన పద్ధతి కావడం విశేషం.

పైన చెప్పిన గ్రంథాలయ ప్రోగ్రాంలో చివరకు ఆ రెండు ఎంపికలనూ ఒక వర్గంలో చేర్చి, ఒకదాని కింద ఒకటిగా ఉంచారు. తెలుగు మాట ఒక్కటీ మార్చవలసి రాలేదు. ‘తొలగించండి’ అన్నది పూర్తిగా కనిపించింది. ‘తొలగించవద్దు’ అన్నదీ పూర్తిగా కనిపించింది. పద్దును కాపాడుకోవాలనుకున్నవారికి కావలసినది ఆ రెండు అక్షరాల చోటే.